రాగ్నార్ పెంచిన కణాలు

"ఇరవై నిమిషాలు! నీ గాజు గొట్టానికి, ఆ కాలమ్‌కి, ఆరు గంటలు పట్టే పని," అంటూ రాగ్నార్ ఫలితాల కాగితాన్ని నా బల్ల మీద విసిరాడు.

"హడావుడిగా వడకడితే శుభ్రత ఉంటుందా? అరచేతిలో పట్టే ఆ వడపోత పొరల డబ్బా నువ్వే ఉంచుకో," అన్నాను.

ఉప్సాలాలోని మా ప్రయోగశాలలో యాంటీబాడీ మందు కోసం కణాలు పెంచేది అతను. అవి పెరిగిన ద్రవంలోంచి మందును విడదీసి శుద్ధి చేసేది నేను. రెండేళ్లుగా మందులో మూడో వంతు ఉండలు కట్టి పాడవుతోంది. ప్రతి నివేదికలోనూ "కణాలే నాసిరకం" అని రాశాను. అందుకే ఈ శుక్రవారంతో అతని ఉద్యోగం పోతోంది.

"కళ్లజోడు పెట్టుకుని చదువు, గున్‌వోర్."

చదివాను. అవే కణాలు, అదే ద్రవం. పొరల్లోంచి వచ్చిన మందులో ఉండలు దాదాపు లేవు.

"నా కణాలు మంచి మందే ఇచ్చాయి. నీ కాలమ్‌లో గంటల తరబడి ఆమ్లంలో నానబెట్టి నువ్వే చెడగొట్టావు."

"నిదానంగా చేస్తేనే..."

"చేస్తే? చెప్పు!"

కంప్యూటర్ ముందు కూర్చుని, "రెండేళ్లుగా తప్పు నా శుద్ధిలోనే ఉంది, కణాల్లో కాదు" అని రాసి, పేరు పెట్టి, పైవాళ్లకు పంపాను. అతను నా భుజం వెనక నిలబడి ప్రతి అక్షరమూ చదివాడు.

కాఫీ వేళయింది. ఆ వేళకు మా దగ్గర పగవాళ్లు కూడా ఒకే బల్ల దగ్గర చేరతారు.

"రా, రాగ్నార్," అన్నాను.

"ఉద్యోగం నిలిస్తే సోమవారం కూడా ఇక్కడే ఉంటాను," అన్నాడు కోటు అందుకుంటూ. "కాఫీ మాత్రం నీతో తాగను."