గఫార్ ఇవ్వనన్న దర్వాజ

"గా నెమలి దర్వాజ ఒక్కటి తప్ప ఏదన్న పట్టుకపో దేవ్యా," అన్నాడు గఫార్, తలెత్తకుండానే.

దేవ్యాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కురవి పక్క తండా నుంచి ఎండలో బండి కట్టుకుని మానుకోట దాకా వచ్చింది ఆ దర్వాజ కోసమే. బస్సుల్లేవు, రైళ్లు లేవు. తెలంగాణ కావాలని ఊళ్లన్నీ రోడ్ల మీదికొచ్చిన అరవై తొమ్మిది ఎండాకాలం అది.

"మాటిస్తివి గదనే అన్న! గోడలు లేచినయ్, పెంకలేసిన. నా పెండ్లాం రుక్కికి నెలలు నిండినయ్. తలుపు లేని ఇంట్ల పురుడెట్ల పోస్తరు? మొన్న కుక్క లోపటికే వచ్చింది."

"జర ఓపిక పట్టు."

"వానలు ఓపిక పడ్తయా?"

గఫార్ సుత్తి అందుకున్నాడు. పాత ఇళ్లు విప్పడం అతని పని. 'నేను కూలగొట్టెటోన్ని కాదు, ఇప్పెటోన్ని' అని మీసం దువ్వుకునేవాడు. దూలానికీ వాసానికీ సుద్దతో గుర్తు పెట్టి, పసిపిల్లను దించినట్టు దించుతాడు. ఒక ఊళ్లో దిగిన ఇల్లు ఇంకో ఊళ్లో లేచి నిలబడాల్సిందే. దేవ్యా ఇంటి దూలాలు పాలకుర్తిలో ఎవరి తాతకో నీడనిచ్చినవి, పెంకులు స్టేషన్ ఘన్‌పూర్‌వి. దర్వాజ చట్రం నుంచి తలుపు రెక్కలను మాత్రం గఫార్ ఎప్పుడూ విడదీయడు. ఒకదాని కోసం ఒకటి పుట్టినవి అంటాడు. అందుకే అతని దొడ్డి వెనక గోడ పొడవునా దర్వాజలన్నీ తలుపులతో సహా వరుసగా ఉంటాయి.

నెమలి చెక్కిన టేకు దర్వాజ ఆ వరుస మధ్యలో ఉంది. మిగతావన్నీ గోడకు ఒరిగితే, అదొక్కటే కొత్త పెండ్లికొడుకులా నిటారుగా నిలబడింది. దాని ముందే పీట వేసుకుని, వంకరపోయిన పాత మొలలను గఫార్ సాపు చేస్తున్నాడు. పొద్దున్నుంచీ అదే మోత.

"నాకంటె పెద్దోడెవడో అడిగిండు. గంతే గదా?"

"గట్లనే అనుకో."

ఎవరో దగ్గారు. గఫార్ భార్య బద్రున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోంచి వచ్చింది.

"పచ్చి కట్టెలు, పొగ సంపుతున్నది," అంటూ మళ్లీ గట్టిగా దగ్గి, చెంబుతో నీళ్లు దేవ్యా చేతికిచ్చింది. "కోపం జేయకు తమ్మీ. రొట్టెలైనయ్, తిని పో."

ఇద్దరే ఉండే ఇంట్లో గంపెడు రొట్టెలు. దేవ్యాకు తినబుద్ధి కాలేదు. మాట తప్పిన ఇంట్లో ముద్ద ఎట్లా దిగుతుంది?

అప్పుడే వీధిలో జీపు ఆగింది. ఎస్సై, వెనకాల ఇద్దరు కానిస్టేబుళ్లు దొడ్లోకి దూసుకొచ్చారు.

"రవీందర్ అని కాలేజీ కుర్రాడు. రైలు పట్టాల మీద జనాన్ని కూర్చోబెట్టి, మా చేతికి దొరక్కుండా పారిపోయాడు. ఈ వీధిలోకే వచ్చాడట. చూశారా?"

"లే సాబ్," అన్నాడు గఫార్. సుత్తి ఆగలేదు.

కానిస్టేబుళ్లు గదులు తిరగేశారు. గడ్డివాము పొడిచారు. దేవ్యా బండి కింద కూడా వంగి చూశారు. ఒకడు వెనక గోడ మీంచి తొంగి చూసి, "అవతలంతా కూలిన ఇండ్ల రాళ్ల గుట్టే సార్, మనిషెత్తు," అన్నాడు.

"ఆపవయ్యా ఆ మోత!" అని అరిచాడు ఎస్సై.

సుత్తి ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఎస్సై చూపు నెమలి మీద పడింది.

"అబ్బ, ఏం పనితనం! మా ఊళ్లో ఇల్లు కడుతున్నాను. సాయంత్రం లారీ పంపిస్తా, ఎక్కించు."

"సారూ, గది నాది!" అనేశాడు దేవ్యా. పోలీసు ముందు నోరెత్తడం అతనికి అదే మొదలు.

"నీదా? మరి బండికెక్కించవేం?"

"ఇయ్యనంటుండు సారూ. మీరన్న జెప్పుండ్రి!"

గఫార్ దేవ్యా వైపు చూశాడు. అంత భయం ఆ ముఖంలో దేవ్యా ఎన్నడూ చూడలేదు. ఎస్సై నవ్వుతూ ముందుకొచ్చి, తలుపు కడియం మీద చెయ్యి వేశాడు.

"ముట్టకుండ్రి సాబ్!" గఫార్ లేచి నిలబడ్డాడు. "గత్తరొచ్చి గా ఇంట్ల ఒక్కలు మిగల్లే. దీపం పెట్టెటోడు లేక నా దాంక వచ్చింది. గందుకే ఎవ్వలకిస్తలే."

పాత దర్వాజ కొనేవాడు ఎవడైనా ముందు అడిగేది ఏ ఇంటిదనే. మనుషులు నిండుగా ఉన్న ఇంటిదైతేనే ఎత్తుకుంటాడు. ఎస్సైదీ అదే నమ్మకం. కడియం కాలినట్టు చెయ్యి తీసేసి, రుమాలుతో వేళ్లు తుడుచుకున్నాడు.

"ముందే చెప్పాలి కదయ్యా!"

జీపు కదిలింది. దేవ్యా తలపాగా దులిపి లేచాడు. కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది.

"నిండు నెలల మనిషున్న ఇంటికి గిసొంటి దర్వాజ ఇస్తనంటివా అన్న? నిన్ను ఎంత నమ్మితి!"

గఫార్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"అబద్ధం దేవ్యా. మనుమలు, మునిమనుమలు తిరిగిన నిండిల్లు అది. కొత్త మిద్దె కట్టుకుంటమంటె ఇప్పిన. నీకిచ్చిన మాట తప్పను. రేపు నేనే తెచ్చి నీ గోడల నిలబెడ్త."

"మరి ఇయ్యాల ఏమడ్డమొచ్చింది?"

జీపు మోత పూర్తిగా దూరమయ్యేదాకా గఫార్ చెవి ఒగ్గి విన్నాడు. పీట పక్కకు జరిపి, నెమలి మీద వేలి కణుపుతో మెల్లగా కొట్టాడు.

తలుపు వెనక, రాళ్ల గుట్ట లోపలి నుంచి ఎవరో దగ్గారు; ఆ వెంటే గడియ తీసిన చప్పుడైంది.