వాన పాటలో కాపరి

తెల్లచొక్కా, జేబులో పెన్ను, చంకలో సంచి. క్లాసు గుమ్మంలో ఆ మనిషిని చూడగానే స్వర్ణలత గబగబా కొంగు సర్దుకుంది.

మదనపల్లె నుంచి తనిఖీ అధికారి వస్తాడని పొద్దుటి నుంచీ కాచుకునే ఉంది. పోయినసారి వచ్చినాయన, "మీ పిల్లలు గేయాలు అప్పజెబుతారే గాని ఒక్కరికీ రుచి తెలీదు" అని మొహం మీదే అనేశాడు. ఇప్పుడు కొత్తాయన. ఈయనా అదే రాస్తే మెమో ఖాయం.

"అమ్మా, నేను..."

"తెలుసు సార్. రండి, కూర్చోండి. పాఠం ఇప్పుడే మొదలుపెడతాను."

ఆయన ఇంకేదో అనబోయాడు. ఆమె వింటేనా! వెనకాల కుర్చీ వేయించింది. పాపం, ఆయన దాని అంచునే కూర్చున్నాడు.

పాఠం వాన పాట. ఈసారి దాన్ని చదివించకూడదు, మోగించాలని స్వర్ణలత ముందే అనుకుంది.

"రమణా, మీ వరస గాలి. కిరణ్, మీ వరస చినుకులు. ఒక్క వేలితో మొదలుపెట్టండప్పా. వాన పెరిగేకొద్దీ వేళ్లు పెంచండి."

అరచేతుల మీద వేళ్లు టపటపలాడాయి. గాలి ఈల వేసింది. బెంచీలు ఉరిమాయి. గొర్రెల వరస మే మే అంటూ గోల పెట్టింది.

చివరి పంక్తిలో కాపరి కొండ మీంచి మందను పిలవాలి.

"ఎవురు పిలస్తారు?"

ఒక్కరూ లేవలేదు. అంతా పుంగనూరు టౌను పిల్లలు, వాళ్లకేం తెలుసు? స్వర్ణలత ఓరకంట కుర్చీ వైపు చూసింది.

అప్పుడు ఆఖరి బెంచీలో మునిలక్ష్మి లేచింది. దసరా సెలవుల తర్వాత వాళ్ల అవ్వ పల్లె నుంచి తెచ్చి చేర్పించిన పిల్ల. హాజరుకు చెయ్యెత్తడమే తప్ప నోరు విప్పిన పాపాన పోలేదు.

వెనక్కి ఒక చూపు చూసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని పిలిచింది.

"బా... బా బా... హోయ్!"

పక్క క్లాసులో పాఠం ఆగిపోయింది.

"హోయ్! వస్తాండాం!" అంటూ వెంటనే బదులొచ్చింది, అవతలి కొండ మీంచి కాదు, కుర్చీలోని ఆయన దగ్గర్నుంచి!

పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆయన సిగ్గుపడిపోయి కళ్లు తుడుచుకున్నాడు.

గంట కొట్టారు. ఆయన సంచి సర్దుకున్నాడు.

"హెడ్మాస్టర్ గారు ఆఫీసులో ఉన్నారు సార్."

"ఇంక ఆయనతో పని లేదులేమ్మా. బాగా చెప్తాండావు. ఇట్లే చెప్పు."

ఆయన గేటు దాటగానే స్వర్ణలత కుర్చీలో కూలబడి తనివితీరా ఊపిరి పీల్చుకుంది. హమ్మయ్య, గండం గడిచింది. సంతోషం పట్టలేక పిల్లలతో పాటు తానూ ఒకసారి "మే" అంది.

అంతలో హెడ్మాస్టర్ చెంగయ్య తొంగి చూశాడు.

"అమ్మా, మదనపల్లె సారు ఈ పొద్దు రాలేడంట. ఫోన్ చేసినాడు."

"మరి ఇందాక వచ్చినాయన ఎవరు సార్?"



"మా నాయన, టీచర్." ఆఖరి బెంచీ నుంచి గొంతు గట్టిగానే వినిపించింది. "నన్ను బడి మాన్పించి గొర్రెల ఎంబడి పంపాలని, టీసీ అడగను వచ్చినాడు."