నలభయ్యో మనిషి

ఎండకు పట్టాలు వంగి విజయనగరం రైలు ఈ వారంలో మూడోసారి ఆగిపోయింది. దాని బదులు డ్రైవరు లేని బస్సు వచ్చింది గానీ, నలభైమంది ఎక్కితే తప్ప కదలనంది. పైడమ్మతో కలిపి ముప్పైతొమ్మిది మందే తేలారు. సాయంత్రం విజయనగరం ఆసుపత్రిలో ఆమె మొగుడికి ఆపరేషను. ఆమె రక్తమే ఎక్కించాలి.

బియ్యం మూటని సీట్లో కూర్చోబెట్టి చూసింది.

"మనిషి కాదు," అంది బస్సు.

పైడమ్మ స్టేషను బయట టీకొట్టు సన్నిబాబు దగ్గరికి నడిచింది.

"తమ్ముడూ, బస్సెక్కు."

"అక్కడ నాకేటి పనక్కా?"

"కూకోడమే పని."

"పొయ్యి మీద పాలున్నాయి. ఇరిగిపోతాయి."

"అవీ ఎక్కించు. ముప్పైతొమ్మిది మందిమి తాగుతాం."

సన్నిబాబు నవ్వి పొయ్యి ఆర్పి, పాలగిన్నెతో బస్సెక్కాడు.

"వేడి సామాను కింద పెట్టరాదు," అంది బస్సు.

పైడమ్మ పాలగిన్నెకి తువ్వాలు చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"కాలితే నా ఒళ్ళే కాల్తాది. పద."

నలభైమందీ ఉన్నారు గనక బస్సు కదిలింది.