మా వంశంల లేదు

ఎవరో ముసలామె గేటు తీసుకుని లోపలికి వచ్చింది.

వచ్చీ రాగానే, "పాప ఏది? జర చూడనియ్యుండ్రి," అంది.

కొమురెల్లి అసలే చిర్రుబుర్రులాడుతున్నాడు. కోడలు వనితకు ఆడపిల్ల పుట్టింది. పిల్ల పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. నోట్లో అంగిలి కూడా అతకలేదు. ఊరంతా ఒకటే మాట, గ్రహణం మొర్రి.

అతని భార్య రాజక్క ఆ మాట పట్టుకుని వదల్లేదు.

"గ్రహణం పట్టినప్పుడు కదలకుండ పండుకొమ్మన్న. విన్నదా? దుబాయి నుంచి మొగడు ఫోన్ చేసిండని, సిగ్నల్ అందుతలేదని డాబా ఎక్కింది."

ఫోన్ చేసిన శ్రావణ్‌ను మాత్రం ఆమె ఒక్క మాట అనలేదు. ఎంతైనా కన్నకొడుకాయె.

తల్లీబిడ్డల్ని ఇచ్చోడకు, వనిత పుట్టింటికి పంపేయాలని, తాము పిలిస్తే గాని తిరిగి రావద్దని ఇంట్లో తీర్మానమైపోయింది. వనిత ఏడుస్తూ బట్టలు సర్దుకుంటోంది.

సరిగ్గా అప్పుడే ఊడిపడింది ఈ ముసలామె.

వనిత దగ్గర పాపను తీసుకుని ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుంది. వనితతో పాలు పిండించి, చిన్న చెంచాతో బుగ్గ పక్క నుంచి కొద్దికొద్దిగా వదిలింది. పుట్టినప్పటి నుంచి తాగినదంతా ముక్కులోంచి కక్కుతున్న పిల్ల గుటక వేసింది.

"నా చిన్నోన్ని గిట్లనే సాదిన. వాని కొడుక్కు గూడ గిదే. ఇద్దరికి ఆపరేషన్ చేసిండ్రు. గీత ఒకటి కనపడ్తది, గంతే. గా సందుల రావాల్సిన పన్ను రాలే, కట్టుడు పన్ను పెట్టిండ్రు."

"నువ్వు గూడ గ్రహణంల తిరిగినవా?" అంది రాజక్క.

"నేను తిరుగలే. నా కోడలు మంచం గూడ దిగలే. గిది గ్రహణానికి వచ్చేది కాదు, వంశంల వస్తదని డాక్టర్లే చెప్పిండ్రు. గీ పిల్లను పంపకుండ్రి."

కొమురెల్లికి ఒళ్లు మండింది. ఊరూ పేరూ తెలియని మనిషి, తన వాకిట్లో నిలబడి తన వంశాన్ని అనడమా?

"మీ వంశంల ఉంటే ఉండొచ్చు. మా వంశంల లేదు. ఇగ నడువవ్వా."

ముసలామె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. ఏదో అనబోయి, అరుగు మీదున్న సిద్దిరాములు వైపు చూసి ఆగిపోయింది. సిద్దిరాములు కొమురెల్లికి చిన్నాయన. ఆయన తల వంచుకుని బీడీ ముట్టించుకున్నాడు.

కొమురెల్లి ఆమెను దగ్గరుండి ఆటో ఎక్కించాడు. పీడా విరగడైందనుకున్నాడు.

సాయంత్రానికి వనిత కూడా వెళ్లిపోయింది.

చెంచా పాలతో పాప బరువు పెరిగింది. కరీంనగర్‌లో పెదవికి ఆపరేషన్ జరిగింది. కొడుకు ఫోన్లో గట్టిగా అడిగేసరికి కొమురెల్లి కూడా వెళ్లాడు.

"గ్రహణం నాటికి నీకెన్నో నెలమ్మా?" డాక్టరమ్మ వనితను అడిగింది.

"ఏడో నెల, మేడం."

"పెదవి అతుక్కునేది రెండో నెలలోనే. ఏడో నెలలో వచ్చిన గ్రహణం దాన్నెలా చీలుస్తుంది? జన్యువుల వల్ల రావచ్చు, వేరే కారణాలూ ఉండొచ్చు. రెండు వైపులా ఎవరికైనా ఉందా?"

వనిత వైపు ఎవరికీ లేదు.

"మా వంశంల గూడ లేదు," అన్నాడు కొమురెల్లి.

బయటికొచ్చాక అతనికి నిజంగా సిగ్గేసింది. "తప్పైంది బిడ్డా. ఇంటికి రా," అన్నాడు.

"గా దినం మీరందరు ఒక్కటైండ్రు, మామా. నా దిక్కు మాట్లాడింది గా అవ్వ ఒక్కతే. ఆమెను తోలుకొచ్చి, పదిమందిల గదే మాట మళ్ల చెప్పియ్యుండ్రి. అప్పుడొస్త."

అంటే, కోడలూ మనవరాలూ ఇల్లు చేరాలంటే ఆ ముసలామె దొరకాలి. కొమురెల్లి ఆటోవాళ్లను అడిగాడు. ధర్మపురి బస్టాండంతా గాలించాడు. వెళ్లగొట్టే తొందరలో పేరైనా అడగలేదాయె, ఎవరినని వాకబు చేస్తాడు?

చివరికి పరేషానై చిన్నాయన పక్కన కూలబడ్డాడు.

"మంచిర్యాలల ఉంటది," అన్నాడు సిద్దిరాములు. "నేనే కబురు పెట్టి పిలిపించిన."

"నీకెర్కేనా? నడువు, పోదాం. కాళ్లు మొక్కన్న తీసుకొస్త."

"రాదు. గీ ఇంట్ల నుంచి ఆమెను ఎల్లగొట్టుడు నీతోని రెండోసారి."

"మొదలు ఎవలు ఎల్లగొట్టిండ్రు?"

"మీ నాయినమ్మ. నేను, మీ బాపు చూసుకుంట నిలబడ్డం."

కొమురెల్లికి ఇంకా అంతుబట్టలేదు. ముసలాయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"మొర్రి పిల్లగాడు పుట్టిండని, గ్రహణం ముట్టిందని, పచ్చి బాలింతను బయటికి నూకింది. ఆమె గా పసిగుడ్డును సంకనేసుకొని, పెద్దోన్ని గూడ ఇయ్యుమని వాకిట్ల పడి ఏడ్సింది. మేం ఇయ్యలే. కన్నతల్లి సచ్చిపోయిందని నీకు చెప్పి, నిన్ను మేమే ఉంచుకున్నం."