నాలుగు నిమ్మకాయలు

చేత్తో నడిపే కారు ఎవరింట్లో దొరికినా దాన్ని తుక్కు చేసి, మనిషిని పట్టుకుపోతున్న రోజులవి. అయినా బెజవాడ ఆటోనగర్‌లో మెకానిక్ కోటిలింగం పెరట్లోని రేకుల షెడ్డులో తాతల నాటి కారును ఏడేళ్ళుగా బాగు చేస్తూనే ఉన్నాడు. అతను ఇంజను తిప్పినప్పుడల్లా భార్య సూరమ్మ గ్రైండరు వేసి, ఆ చప్పుడులో ఈ చప్పుడు కలిపేసేది. ఆ ఏడేళ్ళలో వాళ్ళ వీధి తిన్నన్ని దోసెలు మరే వీధీ తిని ఉండదు.

దసరా పొద్దున ఇంజను మొదటిసారి ఆగకుండా ఆడింది. సూరమ్మ ఆనందం పట్టలేక కారుకు బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచింది.

"ఒక్క అడుగు తొక్కించయ్యా, దిష్టి పోద్ది."

"నీ చాదస్తం తగలెయ్య!" అంటూనే కోటిలింగం తొక్కించాడు.

అంతలో వాకిట్లో మనిషి లేని గస్తీ బండి వచ్చి ఆగింది. కోటిలింగం ఇంజను ఆపేలోగా సూరమ్మ చేతులకు పిండి పూసుకుని వాకిట్లోకి పరుగెత్తింది.

"ఏంటమ్మా ఆ చప్పుడు?" బండి మర్యాదగానే అడిగింది.

"గారెలకి రుబ్బుతున్నా నాయనా. పండగ కదా!"

"మంచిదమ్మా." బండి కదలబోయి మళ్ళీ ఆగింది. "పొద్దున మీరు సరిగ్గా నాలుగు నిమ్మకాయలు కొన్నారని కొట్లో కాటా చెప్పింది. మీ గ్రైండరుకి చక్రాలెన్నమ్మా?"