పూతలోనే బేరం

"సంతకం పెట్టు తల్లీ, అడ్వాన్సు ముందే ఇస్తాండారు గదా!" అన్నాడు మునిస్వామి, చిత్తూరులోని తన మామిడి మండీలో కూర్చుని. కూతురు నందిత తయారుచేసిన వీడియో గేమ్‌ కోసం ఒక ఆన్‌లైన్ స్టోర్ ఏజెంటు బెంగళూరు నుంచి వచ్చాడు.

"షరతు ఒకటే. ఏడాదిపాటు ఇంకే స్టోర్‌లోనూ అమ్మకూడదు," అన్నాడు ఏజెంటు.

"వేరేవాళ్ళు ఎక్కువిస్తామంటే?" అడిగింది నందిత.

"ఆ తిరుగుడు మీకెందుకండీ? సరుకు మాకప్పజెప్పి నిశ్చింతగా ఉండండి. మనమంతా ఒక కుటుంబం."

మునిస్వామి వక్క నమలడం ఆపాడు. మాట కొత్తది కాదు, గొంతే కొత్తది. కూతురి చేతిలోని పెన్ను లాక్కున్నాడు.

"కుదరదు. నువ్వు పోయిరాప్పా."

ఏజెంటు మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు.

"ఏం నాయనా, ఇప్పుడే గదా పెట్టమంటివి?"

"వాడు చెప్పింది నా పాటే తల్లీ! తోట పూత మీద ఉండంగానే రైతుకు అడ్వాన్సిచ్చి, కాయ ఇంకో మండీకి పోకుండా కట్టేసేటప్పుడు నేను పాడేది అదే. రేటు పెరిగితే లాభం ఎవరికో నాకు తెలీదా?"

"అయితే ఈసారి రైతుల్నిగూడా ఇష్టమొచ్చిన మండీలో అమ్ముకోనిస్తావా?"

మునిస్వామి ఉలిక్కిపడ్డాడు.

"వాళ్ళదీ నీదీ ఒకటేనా? అది వ్యవసాయం తల్లీ, ఇది వ్యాపారం!"