మూడో మలుపు

“మూడో మలుపులో విమానం ముక్కు కుడివైపు ఊగింది. చూశావా, లేదా?” కల్నల్ ప్యో గట్టిగా అడిగాడు.

బల్లకు ఇవతల కూర్చున్న కెప్టెన్ బాన్ హేరిన్ తలెత్తి చూసింది. పొద్దున ఆయన కొత్త యుద్ధవిమానాన్ని పరీక్షగా నడుపుతుంటే, ఆమె పక్కనే ఇంకో విమానంలో ఎగురుతూ దాన్ని కనిపెట్టుకుని ఉంది. ఈ దళంలో అదే ఆమె మొదటి పని. ఆమెను ఉంచాలో, పాత చోటికి తిప్పి పంపాలో తేల్చేది ఆయనే.

“ఊగలేదు సర్. తిన్నగానే ఉంది.”

బల్ల చివర కూర్చున్న ఇంజనీర్ గిల్ కాఫీ మింగడం మర్చిపోయాడు. కొరియా వైమానిక దళంలో కల్నల్ మాటకు కెప్టెన్ అడ్డు చెప్పడం రోజూ చూసేది కాదు. అందుకే ఈ పరీక్షల దళంలో ఒక ఆచారం పెట్టారు. ఎగిరొచ్చి ఈ బల్ల దగ్గర కూర్చునే ముందు అందరూ హోదా పట్టీలు పీకి బిస్కెట్ల డబ్బాలో పడేయాలి. వెనకటికి ఒక కుర్ర పైలట్, తన పై అధికారి విమానం రెక్కలో పగులు చూసి కూడా చెప్పడానికి జంకాడు. ఆ అధికారి ఫోటో ఇప్పుడు గోడ మీద ఉంది. పట్టీలైతే డబ్బాలో పడతాయి గానీ భయం పడదు కదా.

“గిల్, నీ తెర ఏమంటోంది?”

“గీత తిన్నగానే ఉంది సర్. కానీ ఆ గీత గీసే పరికరం పోయిన వారం కూడా మొరాయించింది, నమ్మలేం. ఊగిందని తేలితే మాత్రం ఈ విమానాల తయారీ ఆపేయాల్సిందే.”

“విన్నావా బాన్? ఇక నీ కళ్లే దిక్కు.”

ప్యో లేచి రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. విమానం దిగినప్పుడూ అంతే, నిచ్చెన వదలకుండా చాలాసేపు నిలబడ్డాడు. ఇందాక వేడినీళ్లు కప్పులో కాక పక్కన పోశాడు. ఆయనకు ఇంత కోపం రావడం ఎవరూ చూడలేదు.

“నడిపింది నేను. ఊగినట్టు నా ఒంటికి తెలిసింది. నేను అబద్ధం చెబుతున్నానా?”

“మీ ఒంటి సంగతి నాకు తెలీదు సర్. నేను చూసింది చెబుతున్నా.”

“ఎండ కళ్లలో పడిందేమో!”

“ఎండ నా వెనక ఉంది సర్.”

“రెప్ప వాల్చావేమో!”

గిల్ బల్ల కింద ఆమె కాలు తొక్కాడు. “వాల్చానేమో అనెయ్, నీ సొమ్మేం పోయింది?” అని గొణిగాడు.

“మలుపు మొత్తం ముక్కునే చూశాను. వందసార్లు అడిగినా ఇదే మాట సర్,” అంది హేరిన్.

ప్యో మెల్లగా కూర్చున్నాడు. డబ్బాలోంచి ఆమె పట్టీ తీసి ఆమె ముందుకు తోశాడు. తనది డబ్బాలోనే వదిలేశాడు.

“పెట్టె సర్దుకోమంటారా సర్?”

“నువ్వెందుకు? నీలాంటి కళ్లు ఇక్కడే ఉండాలి.” ఆయన గిల్ వైపు తిరిగాడు. “విమానానికి ఏ లోపమూ లేదు. తయారీ ఆపకండి.”

“మరి ఊగిందన్నారు కదా సర్?”

“ఊగింది నా తల.”